చేతిపూస

కాటమ్మ ఏ పూసనైనా ముందు కింది పెదవికి ఆనించి చూస్తుంది. ప్లాస్టిక్ అయితే పెదవికి ఏమీ తెలియదు. గాజైతే చల్లగా తగులుతుంది. పాత గాజైతే ఆ చల్లదనం ఒక పట్టాన వదలదు. సూర్యాపేట పాత బస్టాండు వెనుక సందులో ఆమె దుకాణం ముందు నుంచి పోయే కాలేజీ పిల్లలు ఈ ముసలామె పూసలు తింటుందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ, ఆమెకేం. అదే సందులో అద్దాల తలుపులు పెట్టిన ఫ్యాన్సీ దుకాణాలు చాలానే ఉన్నాయి. తెగిన దండ పట్టుకొని వాటి మెట్లెక్కినవాళ్ళను మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఆ శ్రావణమాసపు పొద్దున కూడా తెగిన దండే వచ్చింది. కోదాడ బస్సు దిగి, వానకు అంచులు తడిసిన అద్దాల లంగాతో సక్కుబాయి దుకాణం మెట్టు మీద కూర్చుని కొంగు ముడి విప్పింది. ఆమెది అనంతగిరి దిక్కు తండా. ముడిలో ఎర్రవి, తెల్లవి, పసుపువి పూసలు బురద ఎండి ఒకే రంగుకు తిరిగి ఉన్నాయి.

"నాటేస్తుంటే తెగిందక్కా. వంగి ఉన్న, మెడల కెల్లి జారి నీళ్ళల్ల పడ్డది. నేను, మా ఇంటాయన భద్రు మడి మడంత జల్లెడ పట్టినం. అన్ని దొరికినయి. నడిమిది దొరకలే."

కాటమ్మ పూసల్ని చాటలో పోసి ఒక్కసారి చెరిగింది. బురద పెళ్ళలు ముందుకు పోయాయి, పూసలు చేతివైపు నిలిచాయి. ఆమె చూపుడువేలు వాటి మధ్య ఒకసారి తిరిగింది. ఆ దండ ఆమెకు తెలియనిది కాదు. సక్కుబాయి తల్లి మెడలో చూసిందే. చిన్న పూసల వరుసకు నడుమ రేగుపండంత నీలం పూస ఒకటి ఉండేది. ఎండలో పట్టుకుంటే లోపల సన్నటి బుడగలు కనిపించేవి.

"పోయిందానికి ఏం జేస్తం. బేగంబజార్ల మంచి నీలాలు వచ్చినయి, ఒకటి ఏస్త," అని కాటమ్మ సొరుగులోంచి కొత్త నీలం పూస తీసి చాటలో వేసింది. నిగనిగలాడుతోంది. సక్కుబాయి దాన్ని ముట్టుకోలేదు.

"ఇది గాదక్కా. గసుంటిదే ఇంకోటి ఉన్నదంట. జోడు పూసలంట అవి. ఒకటి మా అమ్మ మెడల ఉన్నది, ఇంకోటి మీ అత్త చేతిపూస కింద తీసుకున్నదంట. మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. అది నీ కాడ ఉంటది గదా."

కాటమ్మ చెరిగిన పూసల్నే మళ్ళీ ఒకసారి చెరిగింది. 

చేతిపూస అనేది కాటమ్మ అత్తగారి ఇంటి పద్ధతి. గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే రోజుల నుంచీ ఉన్నది. తెగిన దండ మళ్ళీ కుట్టినప్పుడల్లా, కుట్టినామె తనకు నచ్చిన ఒక పూస తీసుకుంటుంది. ఆ ఖాళీలో కొత్త పూస వేసి ఇస్తుంది. ఇదంతా దండ గలామె కళ్ళ ముందే, చివరి ముడి వేసే ముందు జరగాలి. అందులో దాపరికం లేదు. అయితే ఈ పద్ధతికి రెండో సగం కూడా ఉంది. అలా తీసిన పూసను అమ్ముకోకూడదు, మెడలో వేసుకోకూడదు. డబ్బాలో దాచాలి. రేపు ఎవరి దండలో ఏ పూస పోయినా, దానికి ఈడైనది ఆ డబ్బాలోంచే పోవాలి. పూసలు పోగొట్టుకునేవాళ్ళ కోసం పూసలు కుట్టేవాళ్ళు దాచిపెట్టడమన్నమాట.

అత్తగారి డాల్డా డబ్బా కాటమ్మ చేతికి వచ్చాక కూడా చాలా ఏళ్ళు ఆ రెండో సగం నడిచింది. తరవాత బేగంబజారు పూసలు వచ్చాయి, ఎవరూ పాతవి అడగడం మానేశారు. అడగనప్పుడు ఎందుకివ్వాలి అని కాటమ్మా ఊరుకుంది. ఊరుకోవడమేంటి, ఆ డబ్బాలోని నీలాలన్నీ ఏరి ఒక దండగా కూర్చింది. వాటి మీద మోజు పెంచుకుంది. చివరికి ఆ దండ మిర్యాలగూడలో మిల్లు జనార్దన్ సేటు జనం చూడ్డానికి పెడుతున్న పూసల గదికి ఇచ్చేసింది. సక్కుబాయి అడుగుతున్న పూస ఇప్పుడు ఆ గదిలో, అద్దాల పెట్టెలో, దండకు సరిగ్గా నడుమ ఉంది.

"తీజ్ ఎన్నడు?" అంది కాటమ్మ మాట దాటేస్తూ, లంబాడీల మొలకల పండుగ సంగతి ఎత్తి.

"ఆదివారమే ఆఖరు రోజు. మా అమ్మ పోయినంక వచ్చిన మొదటి తీజ్ అక్కా ఇది. పాట ఎత్తేది మా అమ్మ. ఇగ నేనే ఎత్తాలె. ఆ దండ లేకుండ నా నోట్లకెల్లి పాట వస్తదా?"

"ఎతికి సూస్త. శనివారం నేనే కోదాడ బస్టాండుకు తెస్త, నువ్వు గాడికి రా," అని కాటమ్మ పూసల్ని ఒక గుడ్డలో కట్టింది.

సక్కుబాయి పోయాక లోపలి నుంచి కోడలు సాయిశ్రీ వచ్చింది. కోదాడ పిల్ల. నోరు మంచిదే గానీ ఊరుకునే రకం కాదు.

"ఎతికేదేముంది అత్తమ్మా? అదెక్కడుందో మీకు తెలుసు కదా. చెప్పేస్తే పోయేది."

"చెప్పి? మిర్యాలగూడ పోయి అద్దం పగలగొట్టి తెచ్చుకొమ్మందునా?"

సాయిశ్రీ ఫోన్ తీసి, మొన్న తాను పట్టిన ఫొటో ముందు పెట్టింది. సేటు గదిలో గోడకు పెట్టబోయే బోర్డు అది. కింద పెద్ద అక్షరాలతో, 'సేకరించి కుట్టినది: పూసల కాటమ్మ, సూర్యాపేట' అని ఉంది. ఆ ఫొటోను కాటమ్మ ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకుందో సాయిశ్రీకి తెలుసు. గంప ఎత్తుకున్న నాటి నుంచి ఏ ఊరికి పోయినా 'ఏయ్ పూసలామే' అన్నవాళ్ళే. ఆమెకొక పేరుందని ఎవరికీ పట్టలేదు. ఆదివారం గది తెరిస్తే హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు ఆ పేరు చదువుతారు. కాటమ్మకు అది కావాలి. కావాలని చెప్పడానికి ఆమె సిగ్గుపడలేదు కూడా.

"ఇచ్చిన మాట వాపసు తీసుకునేది లేదు," అంది గట్టిగా. కోడలికి చెప్పిందో తనకు తానే చెప్పుకుందో గానీ, ఆ పగలంతా దుకాణానికి వచ్చినవాళ్ళ మీద చిరాకు పడుతూనే ఉంది.

మర్నాడు పొద్దెక్కకముందే సేటు ఫోన్ చేశాడు. కొంపలు అంటుకున్నట్టు మాట్లాడుతున్నాడు.

"కాటమ్మా, దండ తెగింది! పూసలన్ని కింద పడ్డయి. జల్ది రా. కారు పంపన్నా?"

"కారెందుకు సేటూ, బస్సుంది. ఎవలనూ ఊడ్వనియ్యకుండ్రి. అడుగు తీసి అడుగు పెట్టకుండ్రి."

మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాటమ్మ మైనపు ముద్దను గుప్పిట్లో పెట్టుకొని వేడి చేస్తూ పోయింది. రోడ్డుకు ఇరువైపులా నాట్లు పడుతున్నాయి. వంగిన ఆడవాళ్ళ మెడలే ఆమెకు కనిపిస్తున్నాయి. సేటును వాపసు అడగకూడదు అని మరోసారి అనుకుంది. ఇచ్చింది తాను. తనను ఎవరూ బలవంతపెట్టలేదు. సక్కుబాయికి ఏం చెప్పాలో మాత్రం మిర్యాలగూడ వచ్చినా తోచలేదు.

జనార్దన్ తాత నాటి నుంచీ వాళ్ళది బియ్యం మిల్లే. కొత్త మిల్లు ఊరి బయట కట్టాక పాత మిల్లు ఆఫీసు గదిని ఆయన పూసలకు విడిచిపెట్టాడు. ఫణిగిరి తవ్వకాల్లో గాజుపూసలు దొరికాయని ఎప్పుడో పేపర్లో చదివాడట, అప్పుడు పట్టిన పిచ్చి మళ్ళీ వదల్లేదు. చైనా గాజంటే మరీను. రెండు వేల ఏళ్ళ కిందట చైనావాళ్ళు కళ్ళ గుర్తులు పెట్టి పూసలు చేసేవారని చదివి, ఎవరి దగ్గరో అలాంటిదొకటి కొన్నాడు. ఇంటికి తెచ్చి భూతద్దం పెడితే నిన్నగాక మొన్న చేసింది. మరొకరైతే ఆ మాట కడుపులో దాచుకునేవారు. ఆయన దాన్ని తాళంచెవుల గుత్తికి కట్టుకొని, 'నన్ను మోసం చేసిన కన్ను ఇదే' అని అందరికీ చూపిస్తాడు. అందుకే కాటమ్మకు ఆయనంటే ఇష్టం.

ఇప్పుడాయన తెల్లచొక్కాతో నేల మీద మోకాళ్ళూని ఉన్నాడు. తవుడు వాసన ఇంకా వదలని ఆ గదిలో నీలం పూసలు గచ్చు మీద, బల్లకింద, గోడవార చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"నైలాన్ దారం తెచ్చిన. చేపల గాలానికి కట్టేది. గట్టిగుంటది గదా అని," అన్నాడు తప్పుచేసినవాడిలా.

"దారం గట్టిగనే ఉంటది సేటూ, ముడే నిలువది. నున్నటి దారం మీద ముడి జారకుంట ఎట్లుంటది? నూలు దారమైతే పూసను పట్టుకుంటది. నన్నడిగితే కుట్టియ్యనా?"

"పొద్దు పొద్దుగాల నిన్ను పరేషాన్ చేసుడెందుకని..."

"ఇప్పుడు చెయ్యలేదా మరి?"

సేటు నవ్వేశాడు. ఇద్దరూ కలిసి పూసలేరారు. కాటమ్మ చీపురు ముట్టలేదు. తడిచేసిన గుడ్డను నేల మీద అద్దుతూ పోతే పూసలు దానికి అంటుకొని వచ్చాయి. ఒక్కటీ పగల్లేదు. అన్నీ చాటలో పడ్డాక ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. నూలు పోగులు పేని, దారం కొసను కాలి బొటనవేలికి చుట్టి, రెండో కొసకు మైనం పట్టించి ముల్లులా నిలిపింది. పాత పూసల రంధ్రాలు ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా ఉంటాయి. వెడల్పు వైపు నుంచే ఎక్కించాలి, లేకపోతే దారం చీలుతుంది. ఒక్కొక్క పూసను పెదవికి ఆనించి, వేలితో తిప్పి, ముఖం చూసి ఎక్కిస్తోంది.

ఆదివారం వచ్చేవాళ్ళకు చెప్పబోయేదాన్ని సేటు ఆమె ముందు వల్లె వేసుకుంటున్నాడు.

"ఇనుప కడ్డీకి మట్టి పూసి, కరిగిన గాజును దాని మీద చుడుతరు. అందుకే గీతలు రంధ్రం చుట్టూ తిరుగుతయి. మన దేశంల పాత పూసలు గొట్టం లాగి కోసినవి, వాటి గీతలు రంధ్రం పొంటి పోతయి. అది గుర్తు. సీసం కలిపిన గాజు కాబట్టి బరువు. చైనాల కాంటన్ రేవు కాడ ఓడలెక్కి బొంబాయి దాక వచ్చినయి. ఈ దండల పూసలకు తక్కువల తక్కువ రెండు వందల ఏండ్లు ఉంటయి. బొంబాయి నుంచి ఈడికెట్ల వచ్చినయో మాత్రం ఏ పుస్తకంల దొరకలే."

"మా గంపల్ల వచ్చినయి," అంది కాటమ్మ, దారం మీంచి తలెత్తకుండానే.

"అది కూడా చెప్త."

నడిమి పూస వంతు వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకొని కిటికీ వెలుతురుకు తిప్పింది. నీలం లోపల సన్నటి తీగ రంధ్రం చుట్టూ సుడి తిరిగి ఉంది. రంధ్రం అంచున ఎర్రమట్టి ఇంకా చిటికెడంత మిగిలే ఉంది. ఎవరో దూరదేశంలో కడ్డీకి పూసిన మట్టి. దానికి జోడు పూస ఇప్పుడు అనంతగిరి దిక్కున ఏదో మడిలో, నాటిన వరి కింద ఉంది. అది తలచుకుంటే కాటమ్మకు దుఃఖం వచ్చింది. పూస కోసం కాదు. మడి మడంతా జల్లెడ పట్టిన ఆ మొగుడు పెళ్ళాల కోసం.

తలెత్తితే ఎదురుగా గోడకు బోర్డు. నిన్ననే బిగించినట్టున్నారు. ముందుగా తన పేరు చదువుకుంది. కడుపు నిండినట్టయింది. తరవాత పై నుంచి, వేలితో గాలిలో గీస్తూ, కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. 'దండ కుట్టిన ప్రతిసారీ, కుట్టినవారు తమకు నచ్చిన ఒక పూసను తీసుకోవడం వీరి ఇంటి ఆచారం. దీనిని చేతిపూస అంటారు. ఈ దండ అలా కూడినదే.'

ఇంకోసారి చదివింది. చేతిలోని పూసను మళ్ళీ పెదవికి ఆనించింది. తరవాత, ఖాళీలో వేయడానికి చేతిలో కొత్త పూస లేక, దండలో దాని చోట ఒక ముడి వేసి, మిగిలిన పూసలన్నీ ఎక్కించింది. చివరి ముడి వేయకుండా ఆగింది.

"సేటూ, ఇటు సూడుండ్రి. మీ కండ్ల ముంగటనే తీసుకుంటున్న. ఇది నా చేతిపూస."

సేటుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది.

"నడిమిదా? కాటమ్మా, ఆటలా? దాన్ని చూసుడు కోసమే వాళ్ళు హైదరాబాదు కెల్లి వస్తున్నరు!"

"ఆటలు గాదు. మీరే రాసిన్రు గద గోడ మీద. తమకు నచ్చిన ఒక పూస అని. నాకు ఇదే నచ్చింది."

"నువ్వే ఇచ్చినవ్ గదా దండ?"

"ఇచ్చిన. దండ మీదే. నేను వాపసు అడుగుతలేను. కుట్టిన, చేతిపూస తీసుకుంటున్న. మీరు పిలిస్తేనే వచ్చి కుట్టిన."

సేటు బోర్డు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. వడ్ల బేరాల్లో ఆరితేరిన మనిషి, ఈ బేరంలో ఎక్కడ పట్టుకోవాలో తెలియక కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు కాటమ్మ సక్కుబాయి సంగతి చెప్పింది. తెగిన దండ, జోడు పూస, చేతిపూస పద్ధతికి ఉన్న రెండో సగం, అన్నీ చెప్పింది.

"మీకు సగమే చెప్పిన సేటూ. తీసేది చెప్పిన, ఇచ్చేది చెప్పలే. చెప్తే దండ ఈ గదిల నిలువదని నాకు ఎరుకే. నిన్న ఆ పిల్ల అడిగినంక ముద్ద దిగలే నాకు."

"సరే, ఆమెకు ఇంకోటి ఇద్దాం. నా కాడ ఎన్ని లేవు? ఇది మళ్ళ బురదల పడితే? ఇంకోసారి తెగితే? రెండు వందల ఏండ్లు బతికొచ్చిన పూస ఇది!"

"రెండు వందల ఏండ్లు మెడల మీదనే బతికింది. అద్దాల పెట్టెల గాదు."

 కోపం వచ్చింది సేటుకు. వస్తుంది మరి. ఈ గది కోసం ఆయన పడ్డ తిప్పలు కాటమ్మకు తెలియనివి కావు.

"నడుమ బోడిగ దండ పెట్టుకొని వాళ్ళకేం చూపియ్యాలె నేను? దండ తీసేస్త. దండ లేకుంటే ఆ బోర్డు ఎందుకు? అది కూడా తీసేస్త. తర్వాత నన్ను అనొద్దు."

కాటమ్మ చివరి ముడి వేసింది. కొసను పంటితో తెంపి, దండను రెండు చేతులా ఎత్తి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. పూసను నడుముకు దోపుకున్న సంచిలో వేసుకుంది.

"మీ ఇష్టం సేటూ. బోర్డు మీది."

గడప దాటే ముందు తన పేరును మరోసారి చూసుకోవాలనిపించింది. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని చూడలేదు. బస్సులో మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని కాసేపు ఏడ్చింది. పేరు పోయినందుకు ఏడుపు, పూస వచ్చినందుకు కాదు. టికెట్ కొట్టడానికి వచ్చిన కండక్టరమ్మ 'ఏమైందమ్మా' అంటే, కంట్లో తవుడు పడిందంది.

శనివారం కోదాడ బస్టాండులో వాన. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద సక్కుబాయి ముందే వచ్చి కూర్చుంది. కాటమ్మ గుడ్డ విప్పింది. చివరి ముడి ఒక్కటే మిగిల్చి దండ మొత్తం ఇంటి దగ్గరే కుట్టి తెచ్చింది. కడిగిన పూసలు తమ రంగులకు తాము తిరిగొచ్చాయి. నడుమ నీలం పూస.

సక్కుబాయి ఆ ఒక్క పూసను బొటనవేలితో నిమిరి, కంటికి దగ్గరగా తెచ్చుకొని లోపలికి చూసింది. "యాడీ" అంది. వాళ్ళ భాషలో అమ్మ. బస్సుల హారన్ల మధ్య ఆ మాట కాటమ్మకు ఒక్కదానికే వినిపించి ఉంటుంది.

"ఉన్నదన్న గదా అక్కా నేను. మా అమ్మ అబద్ధం చెప్పది."

"చెప్పది. నేనే ఎతుకుడు ఆలస్యం చేసిన." మళ్ళీ తానే, "ఎతుకుడు గాదు సక్కూ. ఎక్కడున్నదో నాకు ఎరుకే. ఇయ్య మనసు రాలే, అంతే," అంది.

సక్కుబాయి ఆమె ముఖంలోకి చూసి నవ్వింది. "ఇచ్చినవ్ గదా ఇప్పుడు. పట్టు. నీ చేతిపూస తీస్కో." దండను ముందుకు జరిపింది.

కాటమ్మ వేళ్ళు వరుస మీద నడిచాయి. పాతవి మంచివి ఇంకా ఉన్నాయి. పసుపుదొకటి చూడముచ్చటగా ఉంది. వేళ్ళు దాన్ని దాటి, కొస దగ్గరున్న ఎర్ర పూస మీద ఆగాయి. బేగంబజారు ప్యాకెట్‌లోది. కొన్నేళ్ళ కిందట ఈ దండ ఒకసారి కుట్టినప్పుడు ఖాళీలో తానే వేసింది. కాటమ్మ దాన్ని జార్చి తీసి, బదులుగా ఆ రోజు దుకాణంలో సక్కుబాయి ముట్టని కొత్త నీలం పూస ఎక్కించింది.

"అయ్యో, అది ఉత్త బజారు పూసక్కా! మంచిది తీసుకోరాదూ?"

"ఇది కూడా చైనాదే పిల్లా, ప్యాకెట్ మీద రాసుండె. జర ఉండనియ్యి, ఇది కూడా ముసలిదైతది."

ముడి బిగించి, దండను తానే సక్కుబాయి మెడలో వేసింది. అనంతగిరి ఆటో కదిలాక కూడా సక్కుబాయి చెయ్యి మెడ మీదే ఉంది.

ఆదివారం పొద్దున కాటమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీస్తే సాయిశ్రీ నోరు తెరిచి చూసింది.

"బోర్డు తీసేస్తానన్నాడు కదత్తమ్మా ఆయన?"

"తీసిండో లేదో సూడాలె గద. నువ్వు కూడా నడువు."

పాత మిల్లు ముందు షామియానా వేశారు. గదిలోకి ఇంకా ఎవరూ రాలేదు. సేటు ఒక్కడే అద్దాల పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. బోర్డు గోడకే ఉంది. పెట్టెలో నీలం దండ, దాని నడుమ ముడి, ముడికి ఇరువైపులా వేలెడంత బోడి దారం.

"రెండు తాపలు స్క్రూడ్రైవర్ పట్టుకున్న," అన్నాడు సేటు, తిరిగి చూడకుండానే. "బోర్డు మీద రాసింది అబద్ధమైతే తీసేద్దును. నిజమాయె. ఏం చెయ్యాలె?"

కాటమ్మ సంచిలోంచి ఎర్ర పూస తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదేంది?"

"సక్కుబాయి దండకు నిన్న తీసిన చేతిపూస. మీ దండల పూస పోయింది, డబ్బాల ఇదున్నది. పద్ధతి ప్రకారం మీకు రావాలె."

సేటు దాన్ని చూసి ముఖం చిట్లించాడు. అయినా చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని భూతద్దం మీదికి పోయింది. వెలుతురుకు పట్టి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఎర్రగాజులో సన్నటి గీత రంధ్రం చుట్టూ సుడి తిరిగి ఉంది.

"చుట్టిన పూసే," అన్నాడు నెమ్మదిగా. "కడ్డీ మీద చుట్టిందే. ఇంకా గట్లనే చేస్తున్నరు!" అని గట్టిగా నవ్వాడు. మూడు రోజుల కోపం ఆ నవ్వుతో దిగిపోయింది. "పెట్టు కాటమ్మా, పెట్టు. నడుమనే పెట్టు."

కాటమ్మ పట్టుచీరతోనే నేల మీద కూర్చుని, దారం కొస బొటనవేలికి చుట్టుకుంది. సగం దండ విప్పి, ముడి తీసి, ఎర్ర పూసను ఎక్కించింది. ఆమె చివరి ముడి దగ్గరికి రాగానే సేటు రెండు అరచేతులూ దండ మీద కప్పాడు.

"మళ్ళొకటి తీస్తవా ఏంది?"

"సగం కుట్టుకు చేతిపూస లేదు, భయపడకుండ్రి," అంది కాటమ్మ. సాయిశ్రీ కొంగులో నవ్వు దాచుకుంది.

హైదరాబాదు వాళ్ళు వచ్చారు. సేటు కడ్డీ గురించి, మట్టి గురించి, సీసం గురించి, ఓడల గురించి తడబడకుండా చెప్పాడు. గంపల గురించి కూడా మరచిపోకుండా చెప్పాడు. అందరూ నీలం దండ దగ్గర ఆగారు. కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దావిడ ఒకామె, యూనివర్సిటీలో పాఠాలు చెబుతారట, వంగి చాలాసేపు చూశారు.

"నీలాలన్నీ పాతవి. నడుమ ఈ ఎర్రది కొత్తది కదండీ? ఇదెందుకు పెట్టారు?"

సేటు  పక్కకు తప్పుకొని చెయ్యి చూపించాడు.

"నన్నెందుకు, కాటమ్మ గారు ఈడనే ఉన్నరు. వారినే అడగండి."

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. గోడ మీద రాసిన పేరును గట్టిగా పైకి అనగా, 'గారు' అని చేర్చి అనగా, ఆమె వినడం అదే మొదటిసారి. సాయిశ్రీ ఫోన్ ఎత్తి పట్టుకుంది. కాటమ్మ కొంగు సర్దుకొని అద్దాల పెట్టె పక్కకు వచ్చి నిలబడింది.

"అనంతగిరి దిక్కున ఒక తండా ఉన్నదమ్మా," అంది. "ఇయ్యాల ఆడ తీజ్. సక్కుబాయి అనే ఆమె పాట ఎత్తుతున్నది. ఈడ ఉండాల్సిన పూస ఆమె మెడల ఉన్నది."

ఈసారి కాటమ్మ రెండో సగం నుంచే మొదలుపెట్టింది.